మొక్కల విషాలు ఒంట్లో ఏ దారిన వెళ్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఫార్మసీ పిల్లలకు మందుల పాఠం చెప్పడం నా పని. మందు ఒంట్లోకి ఎలా వెళ్తుంది, ఎక్కడ మారుతుంది, ఎలా బయటికి పోతుంది అన్నదే ఆ పాఠంలో పెద్ద భాగం. క్లాసు బయట కూడా ఈ ప్రశ్నలు నన్ను వదలవు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పెళ్లి భోజనాల దగ్గర, ఊరి నుంచి వచ్చే ఫోన్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దాదాపు అందరూ "ఆకే కదా, ఏమవుతుందిలే" అనే మొదలుపెడతారు. ఆకు నుంచి వచ్చిందా, మాత్ర నుంచి వచ్చిందా అన్నది మన పేగుకూ కాలేయానికీ తెలియదు. రెండింటినీ ఒకే దారిన పంపుతాయి. ఆ దారి తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుందని ఈ జవాబులు రాస్తున్నాను.

ఆల్కలాయిడ్ అంటే అసలు ఏమిటి?

మొక్కలు తయారుచేసుకునే, నైట్రోజన్ ఉండే, ఎక్కువగా క్షార స్వభావం గల పదార్థాలు ఇవి. చాలావాటికి చేదు ఉంటుంది. పురుగులూ పశువులూ తమను తినకుండా మొక్కలు చేసుకున్న ఏర్పాటు అనుకోవచ్చు. పొద్దున కాఫీలో కెఫీన్, చుట్టలో నికోటిన్, మలేరియాకు వాడే క్వినైన్, ఉమ్మెత్తలో అట్రోపిన్, ముష్టి గింజలో స్ట్రిక్నిన్, అన్నీ ఈ కుటుంబమే.

1800ల మొదట్లో జర్మనీలో సెర్ట్యూర్నర్ నల్లమందు నుంచి మార్ఫిన్‌ను విడదీశాడు. పారిస్‌లో పెల్లెటియర్, కావెంటూ కలిసి 1818లో స్ట్రిక్నిన్‌ను, 1820లో క్వినైన్‌ను విడదీశారు. అప్పటినుంచి వీటిని తూకం వేసి ఇవ్వడం వీలైంది. ఆకులో ఆ తూకం ఉండదు. ఒకే ఉమ్మెత్త మొక్కలో ఆకుకూ గింజకూ, లేత కాయకూ ముదురు కాయకూ, ఒక నేలకూ ఇంకో నేలకూ విషం పాళ్లు మారిపోతాయి. నిన్న తిన్నవాడికి ఏమీ కాలేదు కాబట్టి ఈరోజు తిన్నవాడికీ ఏమీ కాదని చెప్పలేం.

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది కదా. ముట్టుకుంటే ప్రమాదమా?

ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూర పత్రం అంటే ఉమ్మెత్తే, కరవీర పత్రం గన్నేరు, అర్క పత్రం జిల్లేడు. పూజకు ముట్టుకుంటే భయం లేదు. గాయాలు లేని చర్మం గుండా ఆ కాసేపట్లో ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ.

జాగ్రత్తపడాల్సింది కంటి విషయంలో. ఉమ్మెత్త ఆకు నలిపిన వేలితో కన్ను నులుముకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదైపోతుంది, దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి, వెలుతురు భరించలేరు. ఇది రోజుల తరబడి ఉండొచ్చు. ఒక కంటిపాప మాత్రమే పెద్దదైతే మెదడులో ఏదో జరిగిందేమోనని డాక్టర్ కంగారుపడి స్కానింగ్ రాస్తారు. "నిన్న పత్రి కోశాను" అన్న ఒక్క మాట చెబితే ఆయన ఆలోచించే తీరే మారిపోతుంది. జిల్లేడు పాలు ఆల్కలాయిడ్ సంగతి కాదు గానీ, అవి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. మొదట్లో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు కూడా. వెంటనే నీళ్లతో బాగా కడిగి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పూజ అయ్యాక పత్రిని పిల్లలకు, మేకలకు, ఆవులకు అందకుండా తీసేయండి. పత్రి కోసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ప్రసాదం ముట్టుకోండి.

నోట్లో వేసుకున్న విషం రక్తంలోకి ఎలా వెళ్తుంది?

పొగాకు పండే ఊళ్లవాళ్లకు ఇది చెప్పడం సులువు. పొగాకు నమిలేవాళ్లు అరచేతిలో కాస్త సున్నం కలిపి ఎందుకు నలుపుతారు? సున్నం లేకపోతే "పట్టదు" అంటారు. ఆ మాటలో రసాయన శాస్త్రం ఉంది.

ఆల్కలాయిడ్‌కు రెండు రూపాలు. ఆమ్లం తగిలితే అది విద్యుదావేశం మోసే ఉప్పు రూపంలోకి మారుతుంది. ఆ రూపం నీళ్లలో కరుగుతుంది గానీ, కొవ్వుతో అల్లుకున్న కణాల పొరను దాటలేదు. క్షారం తగిలితే ఆవేశం పోయి విడి రూపం వస్తుంది. అది పొరను సులువుగా దాటేస్తుంది. సున్నం నోట్లో క్షారాన్ని పెంచుతుంది, నికోటిన్ విడి రూపంలోకి వస్తుంది, బుగ్గ లోపలి పొర గుండా నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అదీ "పట్టడం" అంటే.

అదే పొగాకు మింగితే కథ వేరు. పొట్టలో ఆమ్లం ఎక్కువ కాబట్టి నికోటిన్ ఉప్పు రూపంలోనే ఉండిపోతుంది, అక్కడ పెద్దగా ఇంకదు. చిన్న పేగుకు చేరాక ఆమ్లం తగ్గుతుంది, పైగా పేగు లోపలి ముడతల వల్ల ఇంకే చోటు చాలా ఎక్కువ. ఆల్కలాయిడ్లలో ఎక్కువ భాగం రక్తంలో కలిసేది అక్కడే. అందుకే చాలా మొక్కల విషాల లక్షణాలు తిన్న వెంటనే కాక కాస్త ఆగి మొదలవుతాయి. ఎంత ఆగి అన్నది కడుపు ఖాళీగా ఉందా, అన్నం తిన్నారా, గింజ నమిలారా, అలాగే మింగారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పేగు నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికి వెళ్లి, ఆ తర్వాతే మిగతా ఒంటికి చేరుతుంది. ఆ మొదటి గుమ్మం దగ్గరే కాలేయం చాలా విషాన్ని విరిచేస్తుంది. మింగిన నికోటిన్‌లో సుమారు 20 నుంచి 45 శాతం మాత్రమే ఆ గుమ్మం దాటుతుంది. నోటి పొర, ముక్కు, ఊపిరితిత్తులు, చర్మం గుండా వెళ్లింది మాత్రం ముందుగా కాలేయానికి పోకుండా అడ్డదారిన గుండెకూ మెదడుకూ చేరుతుంది. పీల్చే పొగకు అంత వేగం అందుకే.

పొగాకు తోటలో ఆకు కొట్టి వచ్చిన రోజు వాంతులు, తల తిప్పడం ఎందుకు?

ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. చాలాసార్లు అది నికోటిన్. పచ్చి ఆకు మీద మంచు గానీ వాన నీళ్లు గానీ ఉంటే నికోటిన్ ఆ తడిలోకి దిగుతుంది. ఆ తడి బట్టలకు పట్టి, బట్టలు ఒంటికి అంటుకుని, గంటల తరబడి చర్మం గుండా ఇంకుతుంది. వికారం, వాంతులు, తలనొప్పి, నీరసం, చెమటలు వస్తాయి. చుట్ట, సిగరెట్ అలవాటు లేని ఆడవాళ్లకూ కుర్రాళ్లకూ ఎక్కువగా తగులుతుంది, ఎందుకంటే వాళ్ల ఒంటికి నికోటిన్ కొత్త.

మంచు ఆరాక పనిలోకి దిగడం, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, తడిసిన బట్టలు అప్పుడే మార్చుకోవడం, పని అవ్వగానే సబ్బుతో స్నానం. ఇవి ఖరీదైనవేమీ కావు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది, ఇన్ని తరాలుగా పొగాకుతో బతుకుతున్న జిల్లాలు మనవి. కూలికి వెళ్లే ప్రతి మనిషికీ ఈ నాలుగు మాటలూ చెప్పి తోటలోకి పంపాలన్నది నా బలమైన కోరిక.

కాలేయం విషాన్ని విరిచేస్తుందంటారు కదా. మరి భయమెందుకు?

విరవడం అంటే మార్చడం. మార్చింది ఎప్పుడూ మంచిదే అవ్వాలని లేదు.

మామూలుగా కాలేయం పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో ఎంజైములు ఆల్కలాయిడ్‌కు ఆక్సిజన్ తగిలించడమో, ఒక కొస కత్తిరించడమో చేస్తాయి. వీటిలో సీవైపీ 3ఏ4 అనేది అన్నిటికన్నా బరువు మోసేది. రెండో మెట్టులో నీళ్లలో బాగా కరిగే ముక్కను అతికిస్తాయి. ఆ తర్వాత కిడ్నీలు మూత్రంలోకీ, పైత్యరసం మలంలోకీ పంపేస్తాయి. నికోటిన్ ఇలాగే కోటినిన్‌గా మారుతుంది. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటల్లో సగమైతే, కోటినిన్ సగమవడానికి దాదాపు 16 గంటలు పడుతుంది. పొగ తాగుతారా లేదా అని పరీక్షించేవాళ్లు కోటినిన్‌ను వెతికేది అందుకే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. కొడీన్ అనే దగ్గు మందు తనంతట తాను బలహీనమైనది. కాలేయంలో ఒక ఎంజైము దానిలో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము చాలా చురుకు. ఒకే కొలత అన్నకు దగ్గు తగ్గిస్తే, తమ్ముడికి ఊపిరి ఆడకుండా చేయొచ్చు. పిల్లలకు కొడీన్ వద్దనడానికి కారణం అదే.

ఇంకా బాధాకరమైనది గిలిగిచ్చ జాతి మొక్కల సంగతి. కాయ ఎండితే లోపల గింజలు గలగలలాడేవి. వీటిలో చాలావాటి గింజల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి మొక్కలో ఉన్నప్పుడు అంత చురుకైనవి కావు. కాలేయం వాటిని విరవబోయి, తన కణాలనే అంటుకుని కాల్చే పదార్థంగా మారుస్తుంది. కాలేయంలోని సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, పొట్టలో నీరు చేరుతుంది. 1970లలో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో చిరుధాన్యాల్లో ఈ జాతి గింజలు కలిసిపోవడం వల్ల ఊళ్లకు ఊళ్లు ఈ జబ్బు పడ్డాయి. విషం తయారైంది వాళ్ల ఒంట్లోనే. "ఒళ్లు దానంతట అదే శుభ్రం చేసుకుంటుంది" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు సర్గుజా గుర్తొస్తుంది.

ఉమ్మెత్త తిన్నవాళ్లకు అన్ని గంటలు ఆ పిచ్చి చూపులు ఎందుకు ఉంటాయి?

అట్రోపిన్, హయోసయమిన్, స్కోపాలమిన్ అనే మూడూ ఎసిటైల్‌కోలిన్ అనే సంకేతాన్ని అడ్డుకుంటాయి. నోరు ఎండిపోతుంది, చెమట ఆగి ఒళ్లు కాలిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మూత్రం ఆగిపోతుంది. స్కోపాలమిన్ మెదడులోకి సులువుగా వెళ్తుంది. లేని మనుషులతో మాట్లాడటం, గాలిలో దారాలు ఏరడం లాంటివి అప్పుడు చూస్తాం.

ఇంతకాలం ఉండటానికి కారణం ఏమిటంటే, ఆ సంకేతమే పేగులను కదిలించేది కూడా. దాన్ని అడ్డుకుంటే పొట్ట, పేగులు నెమ్మదిస్తాయి. మింగిన గింజలు లోపలే కూర్చుని కొంచెం కొంచెంగా విషాన్ని వదులుతూ ఉంటాయి. ఒంట్లోకి వచ్చిన అట్రోపిన్‌లో దాదాపు సగం ఏ మార్పూ లేకుండా మూత్రంలోనే పోవాలి, ఆ మూత్రమేమో రావట్లేదు. బయటికి పోయే రెండు దారులనూ తనే మూసుకునే విషం ఇది. ఆసుపత్రిలో మూత్రానికి గొట్టం వేస్తారు, ఒళ్లు చల్లబరుస్తారు, నిద్రమందుతో ఆందోళన తగ్గిస్తారు. అవసరాన్ని బట్టి ఫైసోస్టిగ్మిన్ ఇస్తారు. అది కూడా ఆఫ్రికాలోని ఒక చిక్కుడు జాతి గింజ నుంచి వచ్చిన ఆల్కలాయిడే.

కుక్క కాటుకు నాటు మందుల్లో ఉమ్మెత్త వాడే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. దయచేసి వద్దు. రేబిస్‌ను ఆపేది గాయాన్ని సబ్బుతో పావుగంట కడగడం, టీకా, అవసరమైతే సీరం. ఉమ్మెత్త చేసే పని ఒక విషం మీద ఇంకో విషం పోయడమే.

అదే అట్రోపిన్‌ను కంటి చుక్కల్లో, పీల్చే మందుల్లో ఎలా వాడుతున్నారు?

పిల్లల కళ్లలో అట్రోపిన్ చుక్కలు వేశాక ముక్కు పక్కన కంటి మూలను కాసేపు నొక్కి ఉంచమంటారు. చాలామంది అమ్మలు దాన్ని పట్టించుకోరు. చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి జారి, అక్కడి పొర నుంచి రక్తంలోకి వెళ్తుంది, కాలేయం గుమ్మం తగలకుండా. అలా నొక్కకపోతే కొందరు పిల్లలకు ముఖం ఎర్రబడి జ్వరం వస్తుంది.

ఉబ్బసానికి ఒకప్పుడు ఎండిన ఉమ్మెత్త ఆకు పొగ పీల్చేవారు. ఊపిరి గొట్టాలు తెరుచుకునేవి నిజమే, మెదడు మీదా పడేది. ఇప్పుడు ఇన్‌హేలర్లలో వాడే ఇప్రట్రోపియం, టయోట్రోపియం ఆ అట్రోపిన్ వరస నుంచే వచ్చాయి. వాటికి శాశ్వతంగా విద్యుదావేశం ఉండేలా మార్చారు. పొగాకు, సున్నం సంగతి గుర్తుందిగా, ఆవేశం ఉంటే పొర దాటలేదు. కాబట్టి ఊపిరితిత్తుల్లోనే పనిచేసి, మెదడు జోలికి దాదాపు పోవు. నాకు ఈ ఒక్క పాఠం చెప్పేటప్పుడు ఎన్నేళ్లయినా ఒళ్లు పులకరిస్తుంది.

పురుగుమందు తాగినవాళ్లకు అట్రోపిన్ ఇస్తారు కదా. ఆసుపత్రి దూరమైతే ఉమ్మెత్త రసం పట్టొచ్చా?

వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆసుపత్రిలో అట్రోపిన్‌ను నరంలోకి ఇచ్చి, నిమిషనిమిషానికీ ఊపిరితిత్తుల్లో నెమ్ము ఆరిందా, గుండె వేగం ఎంత అని చూస్తూ కొలత మారుస్తారు. రసంలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో పోసింది ఊపిరి గొట్టంలోకి పోయి ప్రాణం తీయొచ్చు. ఏ పురుగుమందో తెలియకుండా అట్రోపిన్ అవసరమో కాదో కూడా చెప్పలేం. డబ్బా తీసుకుని 108లో ఎక్కించండి.

ముష్టి గింజ విషానికి వెలుతురు, చప్పుడు తగలకూడదని ఎందుకంటారు?

వెన్నుపాములో కండరాలను అదుపు చేసే బ్రేకు లాంటి సంకేతం గ్లైసిన్. స్ట్రిక్నిన్ దాన్ని పని చేయనివ్వదు. బ్రేకు లేని బండిలా, చిన్న చప్పుడుకు, ముట్టుకున్నా, లైటు వేసినా ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. స్పృహ మాత్రం పూర్తిగా ఉంటుంది. అదే దీనిలో ఘోరం. పేగు నుంచి తొందరగా ఇంకుతుంది, కాబట్టి అరగంట లోపే మొదలవ్వొచ్చు.

ఇందులో ఆశ కలిగించేది కూడా ఉంది. స్ట్రిక్నిన్‌ను కాలేయం బాగానే విరుస్తుంది. రక్తంలో అది సగమవడానికి సుమారు 10 నుంచి 16 గంటలు. ఆసుపత్రిలో కండరాల బిగుతు తగ్గించి, అవసరమైతే వెంటిలేటర్ మీద ఊపిరి అందించి ఆ రోజూ మర్నాడూ గట్టెక్కిస్తే, మిగతా పని కాలేయం చేసుకుంటుంది. చప్పుడు లేని చీకటి గది కావాలనేది ఆ గడువు దాటించడానికే.

శుద్ధి చేసిన ముష్టి, నాభి ఆయుర్వేదంలో మందులే కదా?

అవును, మందులే. శుద్ధిలో నిజమైన రసాయన మార్పు ఉంది. నాభిలో ఉండే అకొనిటిన్ గుండె కణాల సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. పెదవులు, నాలుక తిమ్మిరెక్కి, గుండె లయ తప్పుతుంది. చాలాసేపు మరిగిస్తే అకొనిటిన్‌లోని బంధాలు నీటితో తెగి, ఎన్నో రెట్లు తక్కువ విషం గల పదార్థాలుగా మారుతుంది. ముష్టి గింజల శుద్ధిలో కొంత స్ట్రిక్నిన్ ద్రవంలోకి పోతుంది, కొంత వేరే రూపంలోకి మారుతుంది. మన పెద్దలు పరికరాలు లేకుండా దీన్ని కనిపెట్టారంటే నాకు గౌరవమే.

ఎంత మారింది, ఎంత మిగిలింది అన్నది మాత్రం కంటికి కనిపించదు, నాలుకతో చూడకూడదు. అది ల్యాబులో కొలవాల్సిన విషయం. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) అని ఒక జాబితా ఉంది. నాభి, ముష్టి, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద లాంటివి అందులో ఉన్నాయి. ఇవి కడుపులోకి తీసుకునే మందులో ఉంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాలి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఆ హెచ్చరిక లేని పొట్లాలను ఎంత నమ్మకస్తులు ఇచ్చినా తీసుకోకండి. వీడియో చూసి ఇంట్లో శుద్ధి చేయడం అసలే వద్దు.

షుగర్‌కు రోజూ బిళ్ళగన్నేరు ఆకులు నమలొచ్చా?

మా మేనమామ రెండేళ్లు నమిలాడు. నాతో చెప్పలేదు, డాక్టర్‌తోనూ చెప్పలేదు. షుగర్ మాత్రలు వేసుకుంటూనే నమిలాడు. ఒకరోజు తెల్లవారుజామున షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మాట తడబడి, పక్షవాతమని అందరూ హడలిపోయారు. గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చున్నాడు. అప్పుడు మా అత్తయ్య ఆకుల సంగతి బయటపెట్టింది. అది ఆకు వల్లేనని నేను తేల్చి చెప్పలేను. మందుకు తోడు ఇంకేదో పడుతోందని డాక్టర్‌కు తెలియకపోవడమే అసలు తప్పని నా నమ్మకం.

ఈ మొక్కకు ఒక కథ ఉంది. 1950లలో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు ఇది షుగర్ తగ్గిస్తుందేమోనని ఎలుకల మీద చూశారు. షుగర్ అనుకున్నట్టు తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. అలా విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత వేరే పరిశోధకుల చేతుల్లో విన్‌క్రిస్టిన్ బయటపడ్డాయి. రెండూ క్యాన్సర్ మందులు, విన్‌క్రిస్టిన్ అయితే లుకేమియా వచ్చిన పిల్లలను బతికిస్తున్నది. వాటిని నోటి ద్వారా ఇవ్వరు, పేగు నుంచి సరిగా ఇంకవు కాబట్టి నరంలోకే ఇస్తారు. విన్‌క్రిస్టిన్‌ను కాలేయం విరిచి ఎక్కువగా పైత్యరసంలోకి పంపుతుంది. కాలేయం బాగోలేని మనిషికి కొలత తగ్గించేది అందుకే. అంత జాగ్రత్తగా ఇచ్చే మందుల పుట్టిల్లు ఆ ఆకు. దానిలో ఇంకా డజన్ల కొద్దీ ఆల్కలాయిడ్లు ఉన్నాయి. రోజూ నమిలితే ఏళ్ల మీద ఏం జరుగుతుందో కొలిచి చూడకుండా "మంచిదే" అని నేను అనలేను. ఇప్పటికే నములుతుంటే సిగ్గుపడకుండా మీ డాక్టర్‌కు చెప్పండి.

మిరియాలు, పిప్పళ్లు మందుల బలాన్ని పెంచుతాయంటారు, నిజమా?

నిజమే. వాటిలోని పైపరిన్ కూడా ఆల్కలాయిడే. అది సీవైపీ 3ఏ4 లాంటి ఎంజైములను, పేగు గోడలో మందును వెనక్కి నెట్టే ఒక పంపును కొంతసేపు నెమ్మదిగా చేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు పసుపులోని కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే, రక్తంలోకి చేరే కర్క్యుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటు చూర్ణం వెనుక ఉన్న ఆలోచనకు ఇది దగ్గరగా ఉంటుంది.

చారులో మిరియాలతో ఏ ఇబ్బందీ లేదు. పైపరిన్ క్యాప్సూల్స్ వేసుకునేవాళ్లు మాత్రం ఫిట్స్ మందు, బీపీ మందు, ఉబ్బసం మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. ఫెనిటాయిన్, ప్రొప్రనొలాల్, థియోఫిల్లిన్ రక్తంలో పెరగడం మనుషుల మీద చేసిన పరీక్షల్లోనే కనిపించింది.

గౌట్ అనే కీళ్ల నొప్పికి ఇచ్చే కొల్చిసిన్ మొక్క నుంచి వచ్చిందేనా?

అవును. మన అడవి నాభి దుంపలోనూ, గింజల్లోనూ ఉంటుంది. మంటల్లాంటి పూలు పూసే తీగ, అగ్నిశిఖ అని కూడా అంటారు. ఇది కణాల లోపలి దూలాలు కట్టుకోనివ్వదు. తొందరగా విడిపోయే కణాలు, అంటే పేగు పొర, ఎముక మూలుగ ముందు దెబ్బతింటాయి. పైత్యరసంతో పేగులోకి పోయి, మళ్లీ అక్కడినుంచి రక్తంలోకి వస్తుంది, తొందరగా వదలదు.

దుంప అనుకుని పొరపాటున తిన్నవాళ్లకు కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు వస్తాయి. అవి కాస్త తెరిపిచ్చినట్టు ఉండగానే రెండు మూడు రోజుల్లో రక్తకణాలు, కిడ్నీలు, గుండె దెబ్బతినొచ్చు. "విరేచనాలు తగ్గాయి, ఇంటికి పోదాం" అని సంతకం పెట్టి వచ్చేయకండి. మాత్ర వేసుకునేవాళ్లు క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తున్న డాక్టర్‌కు కొల్చిసిన్ వాడుతున్నామని తప్పక చెప్పండి. ఆ రెండూ కలిస్తే కొల్చిసిన్ బయటికి పోయే దారులు మూసుకుపోతాయి.

గుంటూరు మిరపకాయ ఘాటు కూడా ఆల్కలాయిడేనా?

క్యాప్సైసిన్‌లో నైట్రోజన్ ఉంది గానీ క్షార స్వభావం లేదు. కొందరు ఈ కుటుంబంలో కలుపుతారు, కొందరు కలపరు. పేగు నుంచి బాగానే ఇంకుతుంది, కాలేయం చకచకా విరిచేస్తుంది. మిర్చి యార్డులో మిరప ఘాటు పీల్చేవాళ్ల దగ్గు వేరే సంగతి, అది ఊపిరి గొట్టాల మీద నేరుగా పడే మంట.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల విషయంలో తేడా ఏమిటి?

చాలా తేడా. కెఫీన్‌నే చూడండి. మామూలు పెద్దవాళ్లలో 5 గంటల్లో సగమవుతుంది. గర్భం చివరి నెలల్లో దానికి రెండు మూడు రెట్ల సమయం పడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో 3, 4 రోజులు. బిడ్డ కాలేయానికి ఆ ఎంజైములు ఇంకా రాలేదు. తల్లిపాలు రక్తం కన్నా కొంచెం ఆమ్లం వైపు ఉంటాయి. కాబట్టి రక్తం నుంచి విడి రూపంలో దాటివచ్చిన ఆల్కలాయిడ్ పాలలో ఉప్పు రూపంలోకి మారి అక్కడే చిక్కుకుపోవచ్చు. బాలింతలకు ఎవరు ఏ కషాయం ఇచ్చినా అందులో ఏముందో అడగండి. పేరు చెప్పనంటే తాగకండి, అత్తగారు ఇచ్చినా సరే.

రక్తంలోంచి పోయిందంటే ప్రభావం పోయినట్టేనా?

అన్నిటికీ కాదు. సర్పగంధి నుంచి వచ్చిన రిసర్పిన్ నరాల చివర నిల్వ సంచులను ఖాళీ చేసేస్తుంది. మందు పోయినా ఆ సంచులు మళ్లీ నిండటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బొంబాయిలో డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో రాసిన వ్యాసంతో ఈ మొక్క బీపీ మందుగా ప్రపంచానికి తెలిసింది. ఆ మందు వాడినవాళ్లలో కొందరికి మనసు కుంగిపోవడం గురించి కూడా తర్వాత చెప్పుకున్నారు.

ఎవరైనా తిన్నారని తెలిస్తే ఇంట్లో ఏం చేయాలి?

నోట్లో మిగిలింది ఉమ్మించి, నోరు కడిగి, 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు రసం పట్టి వాంతి చేయించకండి. ముష్టి తిన్నవాళ్లకు ఆ తోపులాటే బిగుతు తెప్పిస్తుంది, మత్తులో ఉన్నవాళ్లకు వాంతి ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే యాక్టివేటెడ్ బొగ్గు చాలా ఆల్కలాయిడ్లను పేగులోనే పట్టి ఉంచుతుంది, అదీ మొదటి గంటలో ఇస్తేనే ఎక్కువ మేలు. పొయ్యి బొగ్గు అందుకు పనికిరాదు. "చూద్దాంలే" అని ఆగిన అరగంట ఖరీదు అంత.

కావాలని తిన్నారని అనుమానం ఉంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి. కేసు అవుతుందని, పరువు పోతుందని డాక్టర్ దగ్గర దాచకండి. మనసు బాగోలేనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

రక్త పరీక్షలో ఏ మొక్కో తెలిసిపోదా?

మామూలు పరీక్షల్లో తెలియదు. డాక్టర్ లక్షణాలు చూసి, మీరు చెప్పింది విని వైద్యం మొదలుపెడతారు. అందుకే మొక్కను తీసుకెళ్లాలి.

మొక్క పేరు చెబితే సరిపోదా?

సరిపోదు. గన్నేరు అన్న మాటే తీసుకోండి. బిళ్ళగన్నేరులో ఉన్నవి ఆల్కలాయిడ్లు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరులో ఉన్నవి ఆల్కలాయిడ్లే కావు, గుండె మందు డిజాక్సిన్ లాగా గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు. వాటికి గుండె లయను గంటల తరబడి మానిటర్‌లో చూడాలి, వైద్యం పూర్తిగా వేరు. నాభి అంటే హిమాలయాల్లో పెరిగే మొక్క, గుండెను పట్టేది. అడవి నాభి మన కంచెల మీద పాకే తీగ, కణాలను పట్టేది. ఒక ఊళ్లో ఒక పేరుతో పిలిచేది పక్క ఊళ్లో ఇంకో మొక్క అవుతుంది.

కాబట్టి పువ్వు, కాయ, ఆకు ఉన్న కొమ్మను కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. దుంప అయితే మిగిలిన ముక్క, కషాయం అయితే గిన్నెలో అడుగున ఉన్నది, పొట్లం అయితే ఆ కాగితం. కోసే తీరిక లేకపోతే ఫోన్‌లో ఫొటో తీయండి, ఆకు వెనక వైపు కూడా. ఎప్పుడు తిన్నారు, నమిలారా మింగారా, అంతకుముందు అన్నం తిన్నారా, రోజూ వేసుకునే మాత్రలు ఏవి అన్నవి ఒక చీటీ మీద రాసి అంబులెన్స్ ఎక్కేటప్పుడు వెంట వెళ్లేవాళ్ల జేబులో పెట్టండి.